వేడినీళ్లు పోయకండమ్మా!

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు బోలెడు జాగ్రత్తలు చెబుతాం. వాళ్లింటి హాల్లో మెరిసిపోయే అక్వేరియం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ అద్దాల పెట్టెలో పూలలా విచ్చుకునే ప్రాణుల్లో కొన్ని నిలువెల్లా విషమే. వాటిని కదిపే ముందు తెలుసుకోవాల్సిన సంగతులివి.

శంషాబాద్ విమానాశ్రయం. రాత్రి పదకొండు దాటినా అక్కడ పట్టపగలే. ట్రాలీల మీద తాళ్లు బిగించిన సూట్‌కేసులు. ఒకదాంట్లో ఆవకాయ, గోంగూర. ఇంకోదాంట్లో కారప్పొడి, సున్నుండలు, మనవరాలికి పట్టులంగా. బరువు రెండు కిలోలు ఎక్కువైందని కౌంటర్ దగ్గర పెట్టె విప్పుతారు ఒకావిడ. పచ్చడి డబ్బాను చేతి సంచిలోకి మార్చబోతే 'అది లోపలికి రానివ్వరమ్మా' అంటాడు పక్కనున్న కొడుకు. అమ్మ ముఖం చిన్నబోతుంది.

కూతురి పురిటికో, మనవడి ఆలనాపాలనకో, ఊరికే చూసొద్దామనో... ఆర్నెల్ల కోసం విమానమెక్కే అమ్మానాన్నలు అక్కడ రోజూ కనిపిస్తారు. వాళ్లకు జాగ్రత్తలు చెప్పేవాళ్లకూ కొదవుండదు. 'దుబాయ్‌లో దిగాక గేటు నంబరు చూసుకోండి', 'బీపీ మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి', 'అక్కడ ఎండుమిర్చితో పోపు పెడితే పొగ అలారం మోగుతుంది, ముందే కిటికీ తీయండి'...

ఈ జాబితాలో లేని జాగ్రత్త ఒకటుంది. 'అల్లుడుగారి అక్వేరియంలోంచి తీసిన రాయిని వేడినీళ్లతో కడగొద్దు!'

నవ్వొస్తోందా? నిజంగానే ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

అమ్మ ఊరికే కూర్చోదు కదా!

ఒక్కసారి ఊహించుకోండి. కూతురూ అల్లుడూ ఆఫీసుకెళ్లారు. పసివాడు నిద్రపోయాడు. బయట చలి, తలుపులు కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి. వంట అయిపోయింది, బట్టలు మడతపెట్టడం అయిపోయింది. గట్టు మీద ఓ బకెట్‌లో అక్వేరియంలోంచి తీసి పెట్టిన రాయి కనిపించింది. దాని నిండా గోధుమరంగులో, జిగురుజిగురుగా ఏదో పట్టి ఉంది. పోయినవారమంతా అల్లుడు దాన్ని వదిలించలేక విసుక్కున్నాడు.

మన ఇళ్లలో జిడ్డుకైనా, మురికికైనా, క్రిములకైనా ఒకటే మందు... సలసల కాగే నీళ్లు. పాలగిన్నె మాడినా అదే, పసివాడి సీసా కడగాలన్నా అదే. కెటిల్‌లో నీళ్లు కాచి ఆ రాయి మీద పోసి, బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్దితే సరి!

ఆ రాయికి పట్టినది జోయాంథిడ్ జాతిదైతే మాత్రం అంతకుమించిన పొరపాటు ఇంకోటి లేదు. వేడినీళ్లు పోయడం, పొడిగా రుద్దడం... ఈ రెండూ అందులోని విషాన్ని గాల్లోకి లేపుతాయి. దాన్ని పీల్చేది రుద్దిన మనిషి ఒక్కరే కాదు. పక్క గదిలో నిద్రపోతున్న పసివాడూ పీలుస్తాడు.

అద్దాల పెట్టెలో చామంతులు

ముందు ఓ మాట. ఇది అన్ని అక్వేరియంలకూ వర్తించే భయం కాదు. గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్, మోలీ... మనలో ఎక్కువమంది పెంచే మంచినీటి చేపల తొట్టెలతో ఈ సమస్య లేదు. వేలికి పెట్టుకున్న పగడపు ఉంగరంతోనూ లేదు. అది వేరే రకం పగడపు గట్టి గూడు మాత్రమే. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది ఉప్పునీటి అక్వేరియం గురించి. అందులోనూ, చేపలతోపాటు ప్రాణమున్న పగడాలనూ పెంచే 'రీఫ్ ట్యాంకు' గురించి.

సముద్రం అడుగున ఉండే దిబ్బను హాల్లోకి తెచ్చిపెట్టినట్టుంటుంది రీఫ్ ట్యాంకు. నీలిరంగు దీపాల కింద రాళ్ల మీద రకరకాల పగడాలు మెల్లగా ఊగుతుంటాయి. వాటిలో కొత్తగా పెంచేవాళ్లకు దుకాణదారులు తరచూ చూపించేవి జోయాంథిడ్లు. పెద్దగా సేవ చేయక్కర్లేదు, త్వరగా పెరుగుతాయి, ధర కూడా మరీ ఎక్కువుండదు. చొక్కా గుండీ అంత గుండ్రటి పళ్లెం, దాని అంచు చుట్టూ రేకుల్లాంటి పొట్టి చేతులు. వందలకొద్దీ ఒకేచోట విచ్చుకుంటే అచ్చం చామంతిపూల చెండే. అందుకే వీటిని బటన్ పాలిప్స్ అనీ అంటారు. పెంచేవాళ్ల భాషలో ముద్దుపేర్లు 'జోవా', 'పాలీ'.

ఇందులో 'పాలీ' అంటే పాలిథోవా. అసలు చిక్కు ఎక్కువగా దీనితోనే. వీటిలో కొన్నింటి ఒంట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రపంచంలో మనిషికి తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే కిలో బరువుకు 0.15 మైక్రోగ్రాములు చాలు, ప్రయోగశాలలో సగం ఎలుకలు చనిపోతాయి. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు!

అయితే ప్రతి జోయాంథిడ్‌లోనూ విషం ఉండదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు వాషింగ్టన్ చుట్టుపక్కల అక్వేరియం దుకాణాల నుంచి నమూనాలు కొని పరీక్షించారు. ఆ వివరాలు 2011లో వెలువడ్డాయి. కొన్నింట్లో విషం అసలు లేదు. కొన్నింట్లో కొద్దిగా ఉంది. మరికొన్నింట్లో విపరీతంగా ఉంది. కంటితో చూసి ఏది ఏదో తేల్చడం దుకాణదారుడి వల్ల కూడా కాదు.

ఇక్కడే ఇంకో తమాషా ఉంది. విషం ఎక్కువున్నవాటిలో గోధుమరంగు పాలిథోవాలున్నాయి. అందంగా ఉండని ఈ రకం కోరి కొనకపోయినా రాయితోపాటు ఇంటికొచ్చేస్తుంది. వచ్చాక కలుపుమొక్కలా ట్యాంకంతా అల్లుకుంటుంది. దాంతో యజమాని దాన్ని వదిలించుకోవాలని చూస్తాడు. అంటే, ముద్దుగా చూసుకునే రంగురంగుల వాటికంటే గీకి పారేయాలనుకునే వాటిలోనే ముప్పు ఎక్కువుండే అవకాశముందన్నమాట.

ఎండుమిర్చి ఘాటు గుర్తుందా?

నీళ్లను మరిగిస్తే విషం విరిగిపోవాలి కదా అని అనుమానం రావొచ్చు. అన్నీ విరగవు. పాలీటాక్సిన్ వేడికి తట్టుకుంటుంది. మరిగే నీళ్లు పోయగానే ఆ ప్రాణి కణాలు పగిలి విషం బయటికొస్తుంది. ఆవిరితోపాటు లేచే సన్నటి తుంపరల్లో కలిసి గదంతా పాకుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన వంటింట్లోకి వెళ్తే చాలు. ఎండుమిరపకాయను చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. దాన్నే కాగిన మూకుడులో వేస్తే? వంటావిడే కాదు, వెనక గదిలో పడుకున్న తాతయ్య కూడా దగ్గుతాడు. ఇక్కడా అంతే. తేడా ఒక్కటే... మిర్చి ఘాటు వెంటనే హెచ్చరిస్తుంది, కిటికీలు తెరుస్తాం. పాలీటాక్సిన్‌కు అలాంటి ఘాటు లేదు. సంగతి తెలిసేసరికి చాలాసార్లు గంటలు గడిచిపోతాయి.

ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆ పరీక్షలు చేయడానికి కారణం కూడా అలాంటి సంఘటనే. మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే వర్జీనియా రాష్ట్రంలో ఓ వ్యక్తి, ట్యాంకులో అడ్డదిడ్డంగా పెరిగిన జోయాంథిడ్లను చంపడానికి రాయి మీద మరుగుతున్న నీళ్లు పోశాడు. ఆ ఆవిరి పీల్చి తీవ్రమైన శ్వాస ఇబ్బందితో ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అతని ట్యాంకు నుంచి తీసిన నమూనాలో పాలీటాక్సిన్ దండిగా దొరికింది.

వేడినీళ్లు పోయకపోయినా ప్రమాదమే అని చెప్పే సంఘటనలూ ఉన్నాయి. 2014 ఆగస్టులో అలాస్కాలోని యాంకరేజ్ నగరంలో ఓ నడివయసు మనిషి ఆస్పత్రికొచ్చాడు. నోరంతా చేదు, ఏదో లోహం నాకినట్టు రుచి. జ్వరం, దగ్గు, నీరసం, కండరాల నొప్పులు. అంతకు ఏడెనిమిది గంటల ముందు అతను చేసిందల్లా కొత్తగా కొన్న జోయాంథిడ్లను ఇంట్లో ట్యాంకులో పెట్టడమే. అక్కడి ఆరోగ్యశాఖ ఆరా తీస్తే, 2012 నుంచీ అలాస్కాలోని దుకాణాల్లో, ఇళ్లలో ఇలాంటివి జరిగాయని బయటపడింది.

2018 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టీవెన్‌టన్ అనే ఊళ్లో ఇంకా పెద్ద గొడవే అయింది. ఇంట్లో అక్వేరియం నుంచి పగడాన్ని తీస్తుండగా విషం గాల్లోకి వెలువడింది. ఆ ఇంట్లోని ఆరుగురితోపాటు, సాయానికొచ్చిన నలుగురు అగ్నిమాపక సిబ్బందికీ ఆస్పత్రిలో చికిత్స చేయించాల్సి వచ్చింది. ట్యాంకు మీద చెయ్యి వేసింది ఒక్కరు, మంచమెక్కింది పదిమంది!

ఇళ్లే కాదు. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో సముద్రపుగాలి పీల్చినవాళ్లు దాదాపు రెండొందల మంది జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆస్పత్రులకు చేరారు. ఆస్ట్రియాప్సిస్ అనే సూక్ష్మమైన నాచు ఆ నీళ్లలో విపరీతంగా పెరగడమే కారణం. అది తయారుచేసేవి పాలీటాక్సిన్‌కు దగ్గరి చుట్టాలే.

హనా ఊరి శాపం

ఈ విషం సంగతి శాస్త్రవేత్తల కంటే ముందు హవాయి దీవుల జాలర్లకు తెలుసు. మావీ దీవిలో హనా అనే ఊరి దగ్గర ఓ కథ చెప్పుకుంటారు. ఒకప్పుడు అక్కడ చేపలకు వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే మాయమయ్యేవారట. ఊరివాళ్లకు ఒకడి మీద అనుమానమొచ్చింది. పట్టుకుని చూస్తే వీపు మీద సొరచేప నోరు! వాణ్ని చంపి, కాల్చి, బూడిదను సముద్రం ఒడ్డున ఓ నీటిగుంటలో కలిపేశారు. ఆ గుంటలో మొలిచిందే 'లిము మాకే ఓ హనా'... అంటే హనా ఊరి చావునాచు. దాన్ని ఈటె మొనలకు రాసుకుంటే తగిలినవాడు బతకడని నమ్మేవారు. ఆ గుంట దగ్గరికెళ్లడం నిషిద్ధం. వెళ్తే కీడు తప్పదని పెద్దల మాట.

1961 డిసెంబర్ 31న హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ గుంట నుంచి నమూనాలు సేకరించారు. అదేరోజు మరో దీవిలో ఉన్న వాళ్ల సముద్ర ప్రయోగశాల భవనం తగలబడిపోయింది! కాకతాళీయమే. కానీ ఆ కథ విన్నవాళ్లెవరూ ఆ సంగతి చెప్పకుండా ఉండలేరు.

తీరా చూస్తే అది నాచే కాదు, ఓ పాలిథోవా. రిచర్డ్ మూర్, పాల్ షూయర్ అనే శాస్త్రవేత్తలు దాన్నుంచి విషాన్ని వేరుచేసి 1971లో లోకానికి చెప్పారు. దాని అణువు ఎలా ఉంటుందో తేలడానికి మరో పదేళ్లు పట్టింది. ఒక్క అణువులో 129 కార్బన్, 223 హైడ్రోజన్, 54 ఆక్సిజన్, 3 నైట్రోజన్ పరమాణువులు! హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యోషితో కిషి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది 1994లో. రసాయనశాస్త్రంలో దాన్ని ఎవరెస్టు ఎక్కడంతో పోలుస్తారు.

లాకు తలుపులు రెండూ తెరుచుకుంటే...

ఇంతకీ ఒంట్లోకెళ్లి ఇది ఏం చేస్తుంది?

గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు చెప్పడం సులువు. లాకుకు రెండు తలుపులు. ఎగువది తెరిస్తే దిగువది మూసుండాలి, దిగువది తెరిస్తే ఎగువది మూసుండాలి. పడవ దాటేది అలాగే. మన ఒంట్లో ప్రతి కణం గోడలోనూ ఇలాంటి లాకులే ఉంటాయి. ఒక్కో విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తాయి. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా, నరం కబురు మోయాలన్నా ఈ పని ఆగకూడదు.

పాలీటాక్సిన్ సరిగ్గా వెళ్లి ఆ లాకులోనే ఇరుక్కుంటుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకునేలా చేస్తుంది. ఇంకేముంది... సోడియం లోపలికి వరదలా వచ్చేస్తుంది, పొటాషియం బయటికి కారిపోతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. కండరాల కణాలు పగులుతాయి. వాటి వ్యర్థాలు మూత్రపిండాల మీద పడతాయి. మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

బయటికి కనిపించే లక్షణాలు మాత్రం మామూలు ఫ్లూ జ్వరంలా ఉంటాయి. చలి, వణుకు, జ్వరం, దగ్గు, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం, ఆయాసం, ఒళ్లునొప్పులు. అసలు గుర్తు నోట్లో చేదుగా, ఇనుము నాకినట్టుండే రుచి. దాంతోపాటు ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఒకేరోజు జ్వరం రావడం. అందుకే 'అమెరికా చలి పడలేదు' అనుకుని అల్లం కషాయం తాగి పడుకునే ప్రమాదముంది.

పీల్చడమే కాదు, చర్మం మీది గాయం ద్వారా కూడా ఇది ఒంట్లోకి పోతుంది. ట్యాంకులో చెయ్యిపెట్టినప్పుడు వేలు తెగిన ఓ వ్యక్తి గురించి జర్మన్ వైద్యులు 2008లో రాశారు. వేలి దగ్గర మొదలైన వాపు, తిమ్మిరి చేతిపైకి పాకాయి. కళ్లు తిరగడం, మాట తడబడటం దాకా వెళ్లింది. ఇక కళ్లు! నొక్కితే జోయాంథిడ్లు నీళ్లు చిమ్ముతాయి. ఆ చుక్క కంట్లో పడి కార్నియా దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి.

మన ఊళ్లో సంగతి?

మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా శంషాబాద్ వెళ్లేవాళ్లకు దారిలో పెద్ద చేప కనిపిస్తుంది. అది చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం. విమానాశ్రయానికి బయల్దేరిన పిల్లలు దాన్ని చూసి కేరింతలు కొట్టకుండా ఉండరు. చేపలంటే మనకున్న మోజు అలాంటిది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లోనూ ఉప్పునీటి ట్యాంకులు పెంచేవాళ్లున్నారు. ఫిల్టరు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలిపితే చాలు, సముద్రం తయార్!

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. పగడాలకు 25, 26 డిగ్రీల నీళ్లు కావాలి. బయట ఎండ 40 దాటే మే నెలలో ఆ వేడిమిని నిలబెట్టాలంటే చిల్లరైనా ఉండాలి, గదిలో ఏసీ అయినా నడుస్తుండాలి. ఏసీ అంటే తలుపులు మూయడమే. అక్కడ అమెరికాలో చలికి మూస్తారు, ఇక్కడ ఎండకు మూస్తాం. గాలి ఆడని గదిలో విషపు తుంపర లేస్తే రెండుచోట్లా ఒకటే. మన దగ్గర మరో చిక్కు... ట్యాంకు కడిగేది చాలా ఇళ్లలో యజమాని కాదు. పనమ్మాయో, నెలకోసారి వచ్చే శుభ్రం చేసే కుర్రాడో. వాళ్లకు ఈ సంగతి చెప్పాల్సింది యజమానే.

విశాఖ బీచ్‌లో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటల్లోనూ జోయాంథిడ్లు కనిపిస్తాయి. చూడటంలో తప్పేమీ లేదు, ముచ్చటగా ఉంటాయి. పిల్లలు పుల్లతో పొడవకుండా, వేళ్లతో నొక్కకుండా, పెరికి ఇంటికి తేకుండా చూసుకుంటే చాలు.

కడిగేవాళ్లకు... కొనేవాళ్లకు

అతిథిగా వెళ్లిన అమ్మానాన్నలకైనా, పనివాళ్లకైనా, పిల్లలకైనా సూత్రం ఒక్కటే. ఉప్పునీటి ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు. అందులోంచి తీసిన రాయి బకెట్‌లో ఉన్నా, సింకులో ఉన్నా, ఎండిపోయి బాల్కనీలో పడున్నా ముట్టుకోవద్దు. ఎండిపోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు.

ట్యాంకు యజమానులు మాత్రం ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి.

* జోయాంథిడ్లున్న రాయిని మరిగించొద్దు, వేడినీళ్లు పోయొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, ఒత్తిడితో నీళ్లు చిమ్మే యంత్రంతో కడగొద్దు, గాల్లో పెట్టి బ్రష్‌తో రుద్దొద్దు, డ్రిల్లుతో కోయొద్దు.

* ముక్క చేయాల్సి వస్తే వేరే గిన్నెలో నీళ్లలో ముంచి ఉంచే కోయాలి. ఆ నీళ్లను తిరిగి ట్యాంకులో పోయకూడదు. నోటితో పైపు పీల్చి నీళ్లు లాగే అలవాటు ఉంటే ఈరోజే మానేయాలి.

* మందపాటి నైట్రైల్ గ్లవుజులు, కళ్లను పూర్తిగా మూసే అద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. చేతికి చిన్న గాయమున్నా ఆరోజు ఆ పని వాయిదా వేయాలి. పనయ్యాక గ్లవుజులు తీసి, చేతులు సబ్బుతో కడిగాకే కళ్లూ నోరూ ముట్టుకోవాలి.

* కిటికీలు తెరవాలి. పిల్లలు, పెద్దవాళ్లు, కుక్కపిల్ల వేరేచోట ఉండాలి. వంటింటి సింకు, వంట కత్తులు, గిన్నెలు ఈ పనికి అస్సలు వాడకూడదు.

* పాలీటాక్సిన్‌ను విరగ్గొట్టేది వేడి కాదు, బ్లీచ్. సోడియం హైపోక్లోరైట్ కనీసం 0.1 శాతం ఉన్న ద్రావణంలో అరగంట నానితే విషం పోతుంది. ఇళ్లలో వాడే బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల చన్నీళ్లు కలిపితే అంతకంటే గాఢంగానే ఉంటుంది. పారేసే ముక్కలు, వాడిన పనిముట్లు, కోసిన నీళ్లు... అన్నిటికీ ఇదే మందు. బతికున్న ట్యాంకులో మాత్రం చుక్క కూడా పడకూడదు.

* ఆ బ్లీచ్‌లో యాసిడ్, బాత్రూం క్లీనర్ లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒక విషం పోగొట్టబోయి ఇంకో విషం తెచ్చుకున్నట్టవుతుంది.

జరగరానిది జరిగితే

నోట్లో చేదు రుచి, దగ్గు, చలి... ఆరోజు అక్వేరియం కదిపి ఉంటే అనుమానించాల్సిందే. ఇంట్లో అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి. 'ట్యాంకు సర్దేసి వస్తా' అని ఒక్కరూ లోపలుండిపోకూడదు. సాయానికి వచ్చేవాళ్లకు గుమ్మంలోనే సంగతి చెప్పాలి. ఒంటిమీది బట్టలు మార్చి చర్మాన్ని సబ్బునీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం పావుగంటసేపు ధారగా మంచినీళ్లు పోస్తూ ఉండి, వెంటనే కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, శ్వాసనాళాలను వదులుచేసే మందులు, సెలైన్... లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. సమయానికి వెళ్తే ఎక్కువమంది కోలుకుంటారు. కాకపోతే డాక్టరుకు ఈ ఆలోచన తట్టకపోవచ్చు. కాబట్టి 'మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది, జోయాంథిడ్లు ఉన్నాయి, పాలీటాక్సిన్ అని అనుమానం' అని మనమే చెప్పాలి. మూడు ముక్కలే అయినా గుండె, కండరాలు, మూత్రపిండాల పరీక్షలు చేయాలని వాళ్లకు వెంటనే స్ఫురిస్తుంది.

అమెరికాలో అయితే 911. విషాలకు సంబంధించిన సలహాకు 1-800-222-1222, ఏ వేళైనా ఉచితం. మన దేశంలో 108కి ఫోన్ చేయొచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117.

అన్నట్టు, అమ్మానాన్నలకో విన్నపం. అమెరికా ఆస్పత్రి బిల్లుకు భయపడి, పిల్లలకు భారమవుతామని ఆయాసాన్ని దాచుకునే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. ఇలాంటప్పుడు మాత్రం దాచొద్దు. మీకొచ్చిన దగ్గు మీ ఒక్కరిదే కాకపోవచ్చు. పక్కన మనవడు కూడా అదే గాలి పీలుస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో...

ఆర్నెల్లయ్యాక మళ్లీ శంషాబాద్‌లో దిగుతారు. సూట్‌కేసులో ఈసారి చాక్లెట్లు, బాదంపప్పు, విటమిన్ మాత్రలు. 'హైదరాబాద్‌లో తమ్ముడి ట్యాంకుకు ఓ చిన్న ముక్క' అంటూ అల్లుడు ప్లాస్టిక్ సంచిలో పగడాన్ని చుట్టి ఇవ్వబోతే మొహమాటపడకుండా వద్దని చెప్పండి. విదేశాల నుంచి ప్రాణమున్న జీవిని తేవాలంటే ముందస్తు అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం, క్వారంటైన్ పరీక్ష ఉండాలి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ! ఆ షెడ్యూలులోని జీవులతో వ్యాపారం చేసినా, అక్రమంగా దగ్గర ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పైగా విమానం కుదుపులకు సంచి చిట్లితే ఆ నీళ్లు అంటేది మీ బట్టలకే.

రీఫ్ ట్యాంకులు పెంచడం తప్పని ఎవరూ అనరు. జాగ్రత్తలు తెలిసి ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పెంచుతున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. జోయాంథిడ్ మన మీదకు రాదు, కాటెయ్యదు, వెంటపడదు. దాని మానాన దాన్ని నీళ్లలో వదిలేస్తే చామంతిలా పూస్తుంది. మన చేతిలో ఉన్న కెటిలూ, బ్రష్షే దాన్ని విషంగా మారుస్తాయి.

కాబట్టి జాగ్రత్త చెప్పాల్సింది నిజానికి విమానమెక్కేవాళ్లకు కాదు, వాళ్లను రమ్మని పిలిచేవాళ్లకు. అమ్మ వచ్చే ముందురోజు ఇల్లు సర్దుకుంటారు కదా, అప్పుడే ట్యాంకు అద్దం మీద ఓ కాగితం అంటించండి. ఇంగ్లిషులో కాదు, తెలుగులో. పెద్దపెద్ద అక్షరాలతో.

'అమ్మా, దీన్ని నేనే కడుక్కుంటాను. నువ్వు వేడినీళ్లు పోయకు!'